ఫొటో తీయరాని చెరువుల జాబితా

నా సర్వీసు మొత్తంలో అతి వేగంగా చేసిన పని పదకొండు నిమిషాల్లో అయింది. నాగాయలంక దగ్గర ఒక రొయ్యల చెరువు మీద డ్రోను ఎగరేసి ఫొటోలు తీయకుండా ఆపమని అర్జీ వచ్చింది. చదివాను, మ్యాపులో చెరువు పట్టుకున్నాను, చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీశాను, ఉత్తర్వు టైపు చేయించి సంతకం పెట్టాను, దగ్గరుండి నోటీసు బోర్డుకి ఎక్కించాను. గడియారం చూసుకున్నాను. మా ఆఫీసులో పదకొండు నిమిషాల్లో టీ కూడా వచ్చేది కాదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడకి రెండుసార్లు చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆ చెరువు పంట ధర పడిపోయింది. పడగొట్టింది డ్రోను కాదు, నా ఉత్తర్వు.

ఈ సీట్లోకి ఇప్పుడు కొత్తగా కుర్రవాళ్లు వస్తున్నారు. వాళ్లకి కంప్యూటరు తెలుసు, నిబంధనలు నోటికొచ్చు. నేను చెప్పేవి వాటిలో లేనివి. నా ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు, మా ఆవిడకి తప్ప. ఆవిడా మర్చిపోయింది.

ఎర్రగుడ్డ

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎంత సిగ్గుమాలినదో తెలియదు. బందరులో మాది గిల్టు నగల కొట్టు. నాన్నగారు బల్ల మీద ఐదు ట్రేలు పెట్టేవారు. నాలుగు తెరిచి ఉండేవి. ఐదోదాని మీద ఎర్రగుడ్డ కప్పి ఉండేది. వచ్చినావిడ నాలుగు ట్రేలూ తిరగేసి, చివరికి ఐదోదాని వైపే చూసేది.

"అందులో ఏమున్నాయండీ?"

"అవి మీకు కాదులేమ్మా. వేరేవాళ్లు తీసిపెట్టమన్నారు."

అంతే. ఆవిడ ఆ గుడ్డ తీయించేదాకా కొట్టు దిగేది కాదు. లోపల ఉండేవి నాలుగో ట్రేలో ఉన్న గాజులే. ధర మాత్రం నాలుగో ట్రేది కాదు. పదేళ్ల వయసు నుంచి ఆ గుడ్డ మడతపెట్టే పని నాది. కప్పిపెట్టినదాన్ని మనిషి ఎలా చూస్తాడో నాకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

సీటు

ఉద్యోగంలో చేరింది సర్వేయరుగా. గొలుసు పట్టుకుని గూడూరు, పెడన పొలాల్లో తిరిగాను. గట్టు తగాదాల్లో కొలత కంటే బేరమే ఎక్కువ పనిచేసేది. ఇద్దరూ చెరో అడుగు వదులుకుని, తామే గెలిచామని ఇంటికెళ్లాలి. అది నాకు కొట్లో వచ్చిన విద్య.

డ్రోన్ల వ్యవహారం ఆఫీసుకి వచ్చినప్పుడు ఎవరూ తీసుకోలేదు. మీటింగులో నేనొక ప్రశ్న అడిగాను: ఎత్తు నేల మీద నుంచి కొలవాలా, డాబా మీద నుంచా? ప్రభుత్వంలో ప్రశ్న అడిగినవాడికే ఆ సీటు ఇస్తారు. ఇది నా మొదటి సలహాగా తీసుకోండి.

పైనుంచి ఒక రంగుల మ్యాపు వచ్చింది. ఎరుపైతే ఎగరకూడదు, పసుపైతే అడిగి ఎగరాలి, ఆకుపచ్చైతే ఒక ఎత్తు లోపు అడగక్కర్లేదు. దివిసీమలో చాలా భాగం ఆకుపచ్చే. మ్యాపు గీసినవాళ్లు విమానాల గురించి ఆలోచించారు. కింద ఎవరున్నారో, ఏం ఆరబోసుకున్నారో, ఎవరికి తెలియకూడదనుకుంటున్నారో ఆ మ్యాపులో లేదు. జనం తగాదా మాత్రం దాని గురించే. ఫలానాచోట ఫొటోలు తీయకూడదని ఆపే అధికారం మా ఆఫీసు పై అధికారి మేడమ్‌ది. ఆవిడ తరఫున సంతకం పెట్టి బోర్డుకి ఎక్కించే పని నాది.

పాలకాయతిప్ప బీచి మొత్తం మూసేయాలని ఒక పక్షం, మొత్తం తెరవాలని పెళ్లి ఫొటోగ్రాఫర్లు. పుణ్యస్నానాల రోజుల్లో ఆడవాళ్లు స్నానం చేసే వైపు మూయించి, తక్కినదంతా తెరిపించాను. ఇద్దరూ గెలిచామనుకుని వెళ్లారు. అది నేను చేసిన మంచి పని. మంచి పనుల్లో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి వదిలేస్తున్నాను.

గుడివాడ డాబా

ఆ ఫొటోగ్రాఫర్లలో షఫీ అని గుడివాడ మనిషి, నలభై ఏళ్లుంటాయి. పెళ్లికి ముందు తీసే వీడియోలకి మా తమ్ముడి కొట్లోనే గిల్టు సెట్లు అద్దెకి తీసుకెళ్తాడు కాబట్టి నన్ను మావయ్యగారూ అంటాడు. ఒక పెళ్లి ఊరేగింపుని షఫీ పైనుంచి తీశాడు. విందులో ఆ వీడియో పెద్ద తెర మీద వేశారు. ఊరేగింపు పక్కనే ఒక డాబా, డాబా మీద నీలం పట్టా, పట్టా మీద నలుగురు పెద్దమనుషులు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన భార్య పెళ్లిలో రెండో వరసలో కూర్చుని ఉంది.

వారం తిరక్కుండా ఆ నలుగురూ మా ఆఫీసుకి అర్జీ పట్టుకొచ్చారు. తమ వీధి మీద డ్రోను ఫొటోలు నిషేధించాలట, తమ ఏకాంతానికి భంగం కలిగిందట.

"డాబా మీద ఏం చేస్తుంటారండీ?" అన్నాను.

"గాలి పీల్చుకుంటామండీ," అన్నాడు అర్జీ రాసినాయన.

"నలుగురూ గుండ్రంగా కూర్చునా?"

"అలాగైతే గాలి బాగా ఆడుద్దండి."

ఇచ్చేశాను. వీధి పేరు, డాబా ఇంటి నంబరుతో సహా బోర్డు మీద పెట్టాను. పది రోజుల తర్వాత షఫీ వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మావయ్యగారూ, ఆ డాబా మీదకి పోలీసులెళ్లారంట. పేక ముక్కలతో సహా దొరికారు."

"నీ వీడియో చూసా?"

"నా వీడియో ఎవడు చూశాడండీ, పెళ్లికూతురు వాళ్లే డబ్బులిచ్చి తీసుకెళ్లలేదు ఇంకా. మీ నోటీసు చూసి వెళ్లారంట. ఈ ఇంటి మీదే ఎందుకు నిషేధం అడిగారా అని."

నెల రోజులు నవ్వుకున్నాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. కథలో ఒక పాఠం ఉందన్న సంగతి నాకు తట్టలేదు. మన చేతి మీదుగా జరిగిన తప్పు ఎదుటివాళ్లకి తగిలితే అది మనకి తమాషాగానే కనిపిస్తుంది.

గట్టు మీద కాకులు

ఇక రొయ్యలు. వెనామీ రొయ్యకి తెల్లమచ్చ జబ్బు తగిలితే రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది. జబ్బు పడ్డ రొయ్య గట్టు వారకి వస్తుంది, దానికోసం కాకులూ కొంగలూ దిగుతాయి. అప్పుడు రైతు చేయగలిగింది ఒకటే. బతికున్న రొయ్యని వెంటనే పట్టి అమ్మేయాలి. రొయ్య మంచిదే. కిలోకి ఎన్ని తూగుతాయన్న దాన్ని బట్టి గట్టు మీదే లెక్క కడతారు, అందులో దాపరికం లేదు. దాచుకోవాల్సింది ఒకటే, రేపటిదాకా ఆగలేని అవసరం. అది కొనేవాడికి తెలిస్తే ధర వాడి నోట్లో ఉంటుంది.

దివిసీమ వైపు కొనుగోలు చేసే ఏజెంటు రాంబాబు ఆ అవసరాన్ని ఆకాశంలోంచి చూడటం నేర్చాడు. షఫీ డ్రోను అద్దెకి తీసుకుని, వారానికి రెండుసార్లు చెరువుల మీద తిప్పించేవాడు. ఎక్కడ పక్షులు గుమిగూడితే అక్కడికి పొద్దున్నే బండి వేసుకుని వెళ్లేవాడు. అంతా ఆకుపచ్చ ప్రాంతం. ఎగరడం నేరం కాదు. షఫీని అడిగితే, "నేను తీసేది కాకుల్నండీ, కాకులు అర్జీ పెట్టలేదు," అన్నాడు.

రైతులు వచ్చి మొత్తుకున్నారు. నేను బ్రహ్మాండమైన పరిష్కారం కనిపెట్టాను. ఎవరి చెరువు మీద ఫొటోలు వద్దనుకుంటే వాళ్లు అర్జీ ఇవ్వాలి, మేం ఉత్తర్వు ఇస్తాం, 'ఫొటో తీయరాని చెరువులు' అని జాబితా వేసి బోర్డు మీద పెడతాం. పేరు, ఊరు, సర్వే నంబరు, తేదీ. డ్రోను వాళ్లకి తెలియాలి కదా మరి.

ఐదు అర్జీలు వచ్చాయి, ఐదూ ఇచ్చాను. ఆరోది సీతామహాలక్ష్మి అనే ఆవిడది. నాగాయలంక దగ్గర నాలుగెకరాల చెరువు లీజుకి చేస్తోంది. ఆ అర్జీలో ఒక వాక్యం ఉంది: 'ఈ పంట డబ్బుతోనే వచ్చే ఏటి లీజు కట్టాలి, కట్టకపోతే చెరువు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.' అది చదివి నా మనసు కరిగింది. కరిగింది కాబట్టే పదకొండు నిమిషాలు. మనసు కరగని గుమస్తా అయ్యుంటే ఆ కాగితాన్ని నాలుగు రోజులు తొక్కిపెట్టేవాడు, ఈలోగా ఆవిడ పంట అమ్ముకుని బాగుపడేది.

బోర్డుకి ఎదురుగా

మూడో రోజు ఆవిడ ఆఫీసుకి వచ్చింది. హంసలదీవిలో ఏదో షూటింగుకి అనుమతి కోసం షఫీ కూడా అప్పుడే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"సారండీ, మీరు ఫొటోలు ఆపారా లేదా?"

"అదే రోజు ఆపామమ్మా. ఎవరన్నా ఎగరేశారా?"

"ఎవరూ ఎగరేయలేదండి. మర్నాడు తెల్లారేసరికి రాంబాబుగారు గట్టు మీదున్నారు. 'ఏమ్మా, తొందరలో ఉన్నావంటగా' అన్నారు. నా తొందర సంగతి పక్క చెరువుల వాళ్లకి చెప్పానండి, జబ్బు అంటకుండా కాలవ నీళ్లు పెట్టుకోవద్దని. వాళ్లు నోరు విప్పరు, రేపు వాళ్లకీ ఇదే అవసరం పడుద్ది. వాళ్లు కాక తెలిసింది మీకే."

"అమ్మేశారా?"

"చచ్చినాక తూకం వేయరు కదండీ. ఆయన చెప్పిన ధరకే ఇచ్చేశాను."

బెంచీ మీద నుంచి షఫీ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, రాంబాబుగారికి ఇప్పుడు డ్రోను అక్కర్లేదు. నెలైంది నన్ను పిలిచి. రోజూ సాయంత్రం ఈ బోర్డుని ఎవరో ఫోనులో ఫొటో తీసి పంపుతారంట. కొత్త పేరెక్కితే ఆ చెరువుకి జబ్బొచ్చినట్టే కదా. నేనూ ఈ సంగతే చెప్దామని వచ్చాను మావయ్యగారూ, మీ వల్ల నా గిరాకీ పోయింది."

బోర్డు నా కుర్చీకి సరిగ్గా ఎదురుగానే ఉంది. ఆరు పేర్లు. ఆరు తేదీలు. జబ్బు లేని చెరువు వాడు పని మానుకుని అర్జీ రాయడానికి బందరు దాకా ఎందుకొస్తాడు?

సీతామహాలక్ష్మి బోర్డు చూసింది, నన్ను చూసింది.

"ఇది ఎవరు పెట్టారండీ?"

"నేనేనమ్మా."

"మీది కొట్టు వ్యాపారం అన్నాడు మా మరిది. ఏం కొట్టండీ?"

"గిల్టు నగలు."

"అదీ సంగతి," అంది.

ముప్పై నాలుగేళ్లలో నాకు మెమోలు వచ్చాయి, చార్జీ షీటు కూడా ఒకటి వచ్చింది. వాటన్నిటినీ పక్కన పెడితే నా ఉద్యోగం మీద నాకు అందిన అసలు నివేదిక ఆ రెండు మాటలే.

"మీ పేరు తీసేయిస్తానమ్మా," అన్నాను.

"నాది తీస్తే ఏం లాభమండీ, నా పంట అయిపోయింది. ఉంచండి. మిగతావాళ్లందరి పేర్లూ ఎక్కించండి. అందరివీ ఉంటే ఎవరిది జబ్బో ఆయనకేం తెలుసుద్ది?"

నాన్నగారు బతికుంటే ఆవిడని మా కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవారు.

అందరికంటే ముందు సంతకం పెట్టినవాడు

మూడు వారాలు దివిసీమలో తిరిగాను. ఆరోగ్యంగా ఉన్న చెరువుల వాళ్లు సంతకం పెట్టరు. పెడితే జబ్బని పుకారు పుడుతుందని భయం. కోడూరు వైపు ఒకాయన నన్ను గట్టు మీదే నిలబెట్టి అడిగాడు.

"మా చెరువుకేం రోగమండీ? మీరే చూడండి, ఒక్క కాకి లేదు."

"లేదు కాబట్టే మీ సంతకం కావాలండీ. రోగం లేనివాళ్లు పెడితేనే ఉన్నవాళ్లకి నీడ."

"అయితే ఆ పక్క చెరువాయన పెట్టాడా?"

"మొట్టమొదట పెట్టింది ఆయనేనండీ."

ఆయన పెట్టాడు. అక్కణ్ణుంచి పక్క చెరువుకి వెళ్లి, మొట్టమొదట పెట్టింది ఈయనేనని చెప్పాను. ఆయనా పెట్టాడు. అలా ఆ కాలవ పొడవునా ఉన్నవాళ్లందరూ మొట్టమొదటివాళ్లే. నాలుగో రోజు ఇద్దరు టీ కొట్టు దగ్గర కలుసుకుని లెక్క సరిచూసుకుని నన్ను పట్టుకున్నారు.

"ఏం సారూ, ఇద్దరికీ అదే మాట చెప్పారంట?"

"తేదీ ఒకటే కదండీ. ఒకే రోజు పెట్టినవాళ్లలో ముందెవరు, వెనకెవరు?"

నాకూ ఒక టీ చెప్పారు. ఇది నిజాయితీ అని నేననను. ప్రభుత్వోద్యోగి అబద్ధం ఆడకూడదని మీకు శిక్షణలో చెప్తారు, అది నిజమే. నేనాడాను, పని జరిగింది. ఇప్పటికీ ఆ ఊళ్లలో కొందరు నన్ను చూస్తే ముందు చెప్పులెక్కడున్నాయో చూసుకుంటారు.

సంతకాలన్నీ ఒకేసారి బోర్డు మీద పెట్టాం. జాగా చాలక గోడ మీద కూడా అంటించాం. రాంబాబు స్వయంగా వచ్చాడు. పై నుంచి కింది దాకా చదివాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఏంటి గురువుగారూ ఇది, దివిసీమంతా మంచం పట్టిందా?"

"లేదండీ. అన్నీ దివ్యంగా ఉన్నాయి."

"మరెందుకు పెట్టారు?"

"దిష్టి తగలకుండానండీ."

"ఇది పద్ధతి కాదు," అన్నాడు. ఆయన కళ్లలో మా కొట్టుకొచ్చిన ఆడవాళ్ల చూపే ఉంది. ఈసారి ఐదు ట్రేల మీదా గుడ్డే.

నేను గెలిచాననుకున్నాను. పదిహేను రోజుల్లో షఫీ పరిగెత్తుకొచ్చాడు. రాంబాబు మళ్లీ పిలిచాడు, కానీ దివిసీమలో ఎక్కడా ఎగరేయడానికి లేదు. నాగాయలంకలో పడవ మీద పెళ్లి ఒప్పుకున్నాడు, అక్కడా లేదు, చుట్టూ జాబితాలోని చెరువులే.

"డ్రోను అక్కర్లేదని ఒకసారి, ఎగరేయకూడదని ఒకసారి. మావయ్యగారూ, నా కడుపు మీద రెండు వైపులా కొట్టింది మీరొక్కరే."

మేడమ్ అడిగిన ప్రశ్న

మేడమ్ నన్ను పిలిచారు. ఆవిడ సర్వీసు మూడేళ్లు, నాది ముప్పై నాలుగు. కథంతా విన్నారు. ఎక్కడా నవ్వలేదు, గుడివాడ డాబా దగ్గర కూడా.

"రత్నంగారూ, దాక్కోవాలనుకునేవాళ్ల పేర్లు మనం రాయించుకుంటున్నాం. చూడాలనుకునేవాళ్ల పేర్లు కదా రాయించుకోవాలి?"

దానికి 'అవును' అనాలి. ఆ ఒక్క మాటతో నా బోర్డు, నా ఎర్ర పెన్సిలు, నా మూడు వారాల అబద్ధాలు అన్నీ చెత్తబుట్టలోకి వెళ్తాయి.

వెళ్లాయి. జాబితా తీసేశారు. ఏ చెరువు మీదైనా, అడిగినా అడక్కపోయినా, చేసుకుంటున్న రైతు ఒప్పుకోలు లేకుండా ఫొటో తీయకూడదు. తీయాలంటే ఎవరు తీస్తున్నారో, ఎవరు తీయిస్తున్నారో పేర్లివ్వాలి. బోర్డు మీద ఉండేవి ఆ పేర్లు. పడవ పెళ్లికి షఫీ నాలుగు చెరువుల వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగాడు, నలుగురూ ఒప్పుకుని పెళ్లికి కూడా వెళ్లారు. ఇప్పుడు బోర్డు నిండా అతని పేరే. ఖర్చు లేని ప్రకటన అంటాడు. 'తీయించువారు' అన్న గడిలో రాంబాబు పేరు ఒక్కసారి కూడా పడలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి నా దగ్గరున్న సరుకంతా ఇదే. ఎక్కడ తీయకూడదో చెప్పే జాబితా ఎప్పుడూ చూపుడువేలే. రక్షణ కావాలంటే అర్జీ పెట్టుకోమన్నారంటే, రక్షణ అవసరమైనవాడిని బజార్లో నిలబెట్టినట్టే. రక్షణ అందరికీ ఊరికే ఉండాలి, అర్జీ చూసేవాడు పెట్టుకోవాలి. ఇది మేడమ్‌కి ఒక్క మధ్యాహ్నంలో తట్టింది. ఎర్రగుడ్డ మడతపెట్టి పెరిగినవాడికి తట్టలేదు.

బిల్లు

రిటైరైన వారానికి నాగాయలంక వెళ్లాను. సీతామహాలక్ష్మి ఇప్పుడు మరిది చెరువుల మీద మేత లెక్క చూస్తోంది. ఆ ఏడు లీజు కట్టలేకపోయింది. నాలుగెకరాల చెరువు వేరేవాళ్లకి వెళ్లిపోయింది, తిరిగి రాలేదు. కొత్త పద్ధతి వచ్చాక అక్కడివాళ్లందరికీ మేలు జరిగింది, ఆవిడకి తప్ప.

"నా వల్ల మీకెంత పోయిందో చెప్పండమ్మా," అన్నాను.

ఆవిడ మేత బస్తా మీద కూర్చునే చెప్పింది. మూడు టన్నులు పట్టారు. ఆ రోజు ధరకంటే కిలోకి యాభై తక్కువ ఇచ్చాడు రాంబాబు. లక్షా యాభై వేలు.

నాకు పుట్టుకతో వచ్చిన రోగం ఊరుకోలేదు.

"జబ్బు నేను తేలేదు కదమ్మా."

"జబ్బు లెక్క వేయలేదండీ. రొయ్య ఎదక్కముందే పట్టేసిన నష్టం అది వేరే ఉంది, అది నాదే."

"నా బోర్డు లేకపోయినా రాంబాబు కొంత బేరమాడేవాడు."

"ఆడేవాడు, నిజమే. కిలోకి పది తీసేయండి."

"ఇరవై అనుకుందాం."

"పదేనండీ. ఆయన బేరం మీకంటే నాకు బాగా తెలుసు."

అప్పటికే న్యాయంగా తగ్గించేసిన మనిషి దగ్గర బేరమాడటం మా కొట్లో నాకెవరూ నేర్పలేదు. కొంత కొంతగా కట్టుకుంటానన్నాను. ఆవిడ చేతులు దులుపుకుని లేచింది.

"వద్దండీ. మీరిస్తే అందరూ కథ చెప్పుకుంటారు, మీరు మంచోరైపోతారు. అంకె మీ దగ్గరుంచుకోండి, చాలు."

జాబితాలో ఆవిడకంటే ముందెక్కిన ఐదుగురూ నన్ను అడగడానికి రాలేదు. వాళ్ల ఊళ్లకి వెళ్లి అడిగే ధైర్యం నాకింకా రాలేదు, కాబట్టి వాళ్ల అంకెలు ఇక్కడ లేవు. లేనంత మాత్రాన సున్నా వేసుకోవడం లేదు. గుడివాడ పేకాట వాళ్లది నేను కలపను, అది వాళ్లే తేల్చుకోవాలి.

నాకు తెలిసినంతవరకు మొత్తం: లక్షా ఇరవై వేలు, ఒక చెరువు. పదకొండు నిమిషాల పనికి.